గుండె నిబ్బరం: ఏథెన్సు మండపం నుండి ధర్మపురి గోదావరి తీరం వరకు

కష్టానికి కుంగిపోక నిలబడిన మనిషిని మన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో 'గుండె నిబ్బరం గలవాడు' అంటారు. ఇంగ్లీషు చదువుకున్నవారు ఇదే గుణాన్ని చెప్పడానికి 'స్టోయిక్' అనే మాటను వాడుతుంటారు. ఆ మాటకు ఇరవై మూడు శతాబ్దాల చరిత్ర ఉన్నది. అయితే పుట్టిననాటి అర్థానికీ నేటి వాడుకకూ నడుమ చాలా దూరం ఏర్పడింది. స్టోయిక్ అంటే కన్నీరు పెట్టనివాడు, బాధను బయటపెట్టనివాడు, నోరు మెదపక భరించేవాడు అని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు.

ఈ అపార్థం ఆరోగ్యానికి సంబంధించిన విషయం గనుకనే ఇక్కడ రాస్తున్నాను. బాధను దిగమింగడమే నిబ్బరమని నమ్మినవారు వైద్యుని వద్దకు ఆలస్యంగా వస్తారు. వచ్చినా గుండె దడ, కడుపు మంట, తల తిప్పడం, నిద్ర పట్టకపోవడం అని చెబుతారే గాని, మనసులోని దిగులును చెప్పరు. కొందరు అసలే రారు. కాబట్టి నిబ్బరం అనే ఈ గుణాన్ని పూర్వులు నిజంగా ఎలా అర్థం చేసుకున్నారో, అది మనకు ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

చిత్రమండపంలో పుట్టిన తత్త్వం

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు జీనో. సైప్రస్ ద్వీపంలోని కిటియం పట్టణానికి చెందినవాడు. సరుకుతో వెళుతున్న ఓడ మునిగిపోగా ఏథెన్సు చేరి, ఒక పుస్తకాల అంగడిలో సోక్రటీసును గురించిన గ్రంథం విని తత్త్వమార్గం పట్టాడని పూర్వ చరిత్రకారులు చెప్పుకున్నారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన ఏథెన్సు నగర కూడలిలో, గోడలపై చిత్రాలు వేసిన ఒక మండపంలో బోధించసాగాడు. గ్రీకు భాషలో మండపాన్ని 'స్టోవా' అంటారు. అక్కడ కూర్చున్నవారు స్టోయిక్కులయ్యారు. ఆ చోటు ఏ రాజాస్థానమో, ఆశ్రమమో కాదు. కూరగాయలు కొనేవాడు, తగవు తీర్చుకోవడానికి వచ్చినవాడు కూడా ఆగి వినగల బహిరంగ స్థలం.

ఆ మార్గాన్ని సామాన్యునికి అందేలా చెప్పినవాడు ఎపిక్టెటస్. నేటి టర్కీ దేశంలోని హైరాపోలిస్‌లో క్రీ.శ. 50 ప్రాంతంలో జన్మించి, రోములో నీరో చక్రవర్తి కొలువులోని ఒక ఉద్యోగికి బానిసగా బ్రతికాడు. ఆయన ఒక కాలు అవిటిది. తరువాత స్వేచ్ఛ పొంది తత్త్వం బోధిస్తుండగా, డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను ఇటలీ నుండి వెళ్లగొట్టాడు. ఆయన గ్రీసులోని నికోపోలిస్‌కు పోయి పాఠశాల నెలకొల్పాడు. స్వయంగా ఒక్క పుస్తకం రాయలేదు. శిష్యుడు ఏరియన్ రాసిపెట్టిన పాఠాలే మనకు మిగిలాయి. తత్త్వవేత్త పాఠశాలను ఆయన వైద్యశాలతో పోల్చాడు. పుండును కడిగేటప్పుడు నొప్పి తప్పదని, ఆ గది నుండి హాయిగా కాక బాధతో బయటికి రావడమే సహజమని ఆయన అభిప్రాయం. వైద్యులకు ఈ పోలిక కొత్తది కాదు.

ఆయన బోధకు పునాది ఒక విభజన. మన ఆలోచన, మన నిర్ణయం, మన ప్రయత్నం మన చేతిలో ఉన్నవి. శరీరం, సంపద, పేరు, ఇతరుల ప్రవర్తన పూర్తిగా మన చేతిలో లేనివి. మొదటివాటి మీద శ్రమ పెట్టాలి. రెండోవాటిని వచ్చినట్లు స్వీకరించి, వాటితో ఏం చేయగలమో చూడాలి. స్టోయిక్కులు దీనిని విలుకాని ఉదాహరణతో వివరించేవారు. గురి చూడడం, నారి లాగడం, సరిగా వదలడం విలుకాని పని. వదిలిన బాణాన్ని గాలి మళ్లిస్తే అది అతని లోపం కాదు.

మన దగ్గర ఇది పసుపు రైతుకు వెంటనే అర్థమవుతుంది. జూన్ మాసంలో విత్తనం పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు కాచుకొని, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్ముకు మెరుగు పెట్టి మార్కెట్టుకు తీసుకుపోయేవరకు పని అతనిది. యార్డులో ఆనాడు పలికే ధర అతనిది కాదు. ధర పడిపోయినందుకు 'నేను చేతకానివాడిని' అని తనను తాను నిందించుకొనే రైతు, నష్టానికి తోడు నిందను కూడా మోస్తున్నాడు. నష్టం మార్కెట్టు నుండి వచ్చింది. నింద మాత్రం తాను పెట్టుకున్నది. స్టోయిక్కులు తొలగించదలచినది ఈ రెండో బరువును.

తుఫానులో తెల్లబోయిన తత్త్వవేత్త

రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెలియస్ తన ప్రయాణానుభవం ఒకటి నమోదు చేశాడు. గ్రీసు నుండి ఇటలీకి పోతున్న ఓడ రాత్రివేళ పెనుతుఫానులో చిక్కుకుంది. అందులో ప్రసిద్ధుడైన ఒక స్టోయిక్ తత్త్వవేత్త ఉన్నాడు. ఆయన ఎలా ఉన్నాడోనని గెలియస్ కుతూహలంగా చూశాడు. ఆయన కేకలు పెట్టలేదు గాని, ముఖం మాత్రం అందరి ముఖాల వలెనే తెల్లబోయింది. తుఫాను తగ్గాక ఒక ధనికుడు ఎగతాళి చేశాడు. తరువాత గెలియస్ మర్యాదగా కారణం అడిగితే, ఆయన సంచిలో నుండి ఎపిక్టెటస్ పాఠాల ప్రతి తీసి చూపించాడు. అకస్మాత్తుగా భయంకరమైనది ఎదురైతే శరీరం తనంతట తాను కంపిస్తుందని, ముఖం వెలవెలబోతుందని, జ్ఞానికీ ఇది తప్పదని అందులో ఉన్నది. తేడా ఆ మరుక్షణంలో వస్తుంది. 'సర్వనాశనమైంది' అని మనసు వేసుకున్న తీర్పును అంగీకరించాలా వద్దా అన్నది మన పని.

ఈ వివరణ శరీరధర్మ శాస్త్రానికి దగ్గరగా ఉన్నది. ప్రమాదం కంటబడిన క్షణంలో మెదడు మన అనుమతి అడగదు. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది. ఇది పిరికితనం కాదు, శరీర రక్షణ. కాబట్టి చేతులు వణికినంత మాత్రాన, కన్నీళ్లు వచ్చినంత మాత్రాన నిబ్బరం లేదని ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. 'మగవాడు ఏడవకూడదు' అన్న మాట స్టోయిక్కుల నుండి వచ్చింది కాదు.

మహమ్మారి నడుమ చక్రవర్తి, మంటల తరువాత వైద్యుడు

బానిస బోధించినదాన్ని ఒక చక్రవర్తి ఆచరించబోయాడు. మార్కస్ ఆరీలియస్ 161 నుండి 180 వరకు రోమును పాలించాడు. ఆయన కాలంలో తూర్పు యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులతో పాటు ఒక మహమ్మారి సామ్రాజ్యమంతటా వ్యాపించింది. ఆనాటి వర్ణనలను బట్టి అది మశూచి కావచ్చునని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఉత్తర సరిహద్దుల్లో యుద్ధాలు, ఇంట్లో వరుస మరణాలు. ఆయనకు పన్నెండు మందికి పైగా పిల్లలు పుట్టగా, ఎక్కువమంది ఆయన కళ్లముందే పోయారు. దండు విడిదిలో తనకోసం తాను గ్రీకు భాషలో రాసుకున్న పుటలు నేటికీ నిలిచాయి. వాటిని చదివితే జయించినవాని గర్వం కనబడదు. ప్రతి ఉదయం తనను తాను మళ్లీ సరిదిద్దుకొనే మనిషి కనబడతాడు. నిబ్బరం ఒకసారి సంపాదించి దాచుకొనే ఆస్తి కాదని, దినచర్య వంటి అభ్యాసమని దీనివల్ల తెలుస్తుంది.

ఆ కాలపు మహావైద్యుడు గాలెన్. ఆయన కథ నాకు మరింత ఆసక్తికరం. 192లో రోములో చెలరేగిన అగ్నిప్రమాదంలో, పదిలమని నమ్మి ఆయన గిడ్డంగిలో ఉంచిన గ్రంథాలు, అరుదైన ఔషధాలు, శస్త్రచికిత్స పనిముట్లు కాలిపోయాయి. స్వయంగా రాసిన పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. ఇంత పోగొట్టుకొని కూడా దుఃఖించకుండా ఎలా ఉండగలిగావని ఒక మిత్రుడు అడగగా, గాలెన్ జవాబుగా ఒక దీర్ఘలేఖ రాశాడు. శతాబ్దాల పాటు కనుమరుగైన ఆ లేఖ ప్రతి 2005లో గ్రీసులోని థెస్సలోనికి నగరపు మఠంలో బయటపడింది.

అందులో ఆయన చెప్పినవి రెండు విషయాలు. మొదటిది, పోయిన వాటిని లెక్కపెట్టేవాని దుఃఖానికి అంతు లేదు, మిగిలినవి అవసరానికి చాలునా అని చూసేవాడు త్వరగా తేరుకుంటాడు. పోగొట్టుకొనే అవకాశాన్ని ముందే ఊహించుకొని మనసును అలవాటు చేయడం ఆయన పద్ధతి. రెండోది మరింత విలువైనది. తాను దేనికీ చలించనివాడినని ఆయన చెప్పుకోలేదు. చిత్రహింసను గాని, మాతృభూమి నాశనాన్ని గాని, మిత్రునికి ఒక నియంత విధించే శిక్షను గాని తాను బాధ లేకుండా భరించగలనని అనుకోలేదు. ఆరోగ్యంగా ఉండాలనే కోరుకున్నాడు. మనిషి శక్తికి హద్దు ఉన్నదని ఒప్పుకున్న వైద్యుని మాట ఇది. దేనికీ చలించకూడదన్న కఠినాదర్శం కంటే ఇది మనకు ఎక్కువ మేలు చేస్తుంది.

మరొక సంగతి గమనించండి. ఎపిక్టెటస్ శిష్యులతో మాట్లాడాడు. మార్కస్ రాసుకున్నాడు. గాలెన్ మిత్రునికి లేఖ రాశాడు. నిబ్బరానికి పేరుపడిన వీరిలో ఒక్కరూ మౌనంగా లేరు.

ధర్మపురి శేషప్ప

అంత దూరం పోకుండానే మన జగిత్యాల జిల్లాలో ఈ ఆలోచనకు దగ్గరి బంధువు ఉన్నాడు. గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి నరసింహక్షేత్రానికి చెందిన శేషప్ప కవి, స్వామిని సంబోధిస్తూ సీసపద్యాలలో నరసింహ శతకం చెప్పాడు. తనకు ఛందస్సు, వ్యాకరణం తెలియవని వినయంగా చెప్పుకున్న ఆ కవి పద్యాలు తెలుగునాట అంతటా పిల్లల నోళ్లలో నిలిచాయి. శేషప్ప భక్తుడు. స్టోయిక్కులు తర్కవాదులు. మార్గాలు వేరు. కాని చూపులో పోలిక ఉన్నది.

తల్లి కడుపులో నుండి ఎవరూ ధనం తేలేదని, పోయేటప్పుడు పట్టుకుపోలేరని ఒక పద్యంలో చెబుతూ, దాచిపెట్టి తినకుండా పోయేవారిని తేనె కూడబెట్టే జుంటీగలతో పోలుస్తాడు. అడవిలోని పక్షులకు, మృగాలకు ఆహారం ఎవరు పెడుతున్నారని మరొక పద్యంలో ప్రశ్నిస్తాడు. వైద్యునిగా నన్ను ఆకట్టుకున్నది మరణకాలాన్ని గురించిన పద్యం. ప్రాణం పోయే వేళ కఫం, వాతం, పైత్యం కమ్ముకొని, భ్రమ కలిగి, వణుకు పుట్టి, స్వామి నామం పలకగలనో లేదో అని కవి సందేహిస్తాడు. అందుకని ఇప్పుడే, ఒంట్లో శక్తి ఉండగానే ఆ పని చేసుకుంటానంటాడు.

తుదిఘడియలలో రోగి పక్కన కూర్చున్నవారికి ఇది ఎంత నిజమో తెలుసు. గొంతులో కఫం గురగురలాడుతుంది, స్పృహ మసకబారుతుంది, మాట తడబడుతుంది. మరణశయ్య మీద ఆలోచించి ధైర్యం తెచ్చుకుంటామన్నది చాలావరకు భ్రమ. ధర్మపురి ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు కూడా గుడి ఉన్నది. మృత్యువును కళ్లెదుట పెట్టుకొని బ్రతకడం ఆ ఊరికి పరాయి విషయం కాదు. చావును తలచుకొమ్మని స్టోయిక్కులు చెప్పినా, శేషప్ప చెప్పినా, ఉద్దేశం భయపెట్టడం కాదు. చేయవలసిన పనిని ఈరోజే చేయించడం. భగవద్గీత రెండో అధ్యాయంలోని స్థితప్రజ్ఞుని వర్ణన కూడా సుఖదుఃఖాల నడుమ నిలకడనే చెబుతుంది. కనుక ఈ ఆలోచన మనకు అరువు తెచ్చుకున్నది కాదు.

సాంచాల చప్పుడు, గల్ఫు దారి

ఇప్పుడు కఠినమైన ప్రశ్నకు వద్దాం. సిరిసిల్లలో సాంచాల మీద పాలిస్టరు గుడ్డ నేసే కార్మికునికి ఈ తత్త్వం ఏం చేస్తుంది? 1990ల చివరినాటి నుండి ఆ పట్టణం నేతకార్మికుల ఆత్మహత్యలతో పదేపదే వార్తలకెక్కింది. నూలు ధర, గుడ్డ ధర, కరెంటు చార్జీ ఏవీ కార్మికుని చేతిలో లేవు. 2017లో బతుకమ్మ చీరల తయారీ అప్పగించినప్పుడు సాంచాలకు పని దొరికింది. ఆర్డరు ఉంటే పని, లేకుంటే పస్తు. ఇటువంటి చోట 'నిబ్బరంగా ఉండు' అని చెప్పి చేతులు దులుపుకోవడం క్రూరత్వం. కూలి గిట్టుబాటు కాకపోవడం మానసిక బలహీనత కాదు. దానికి మందు కూలి పెరగడమే.

ఒక్కని చేతిలో లేనిది పదిమంది చేతిలో ఉండవచ్చునని కూడా ఆ పట్టణమే చూపింది. సిరిసిల్ల ప్రాంతానికి విద్యుత్తు అందించడానికి 1970లో ఏర్పడిన సహకార సంఘం, ప్రజలు 'సెస్' అని పిలుచుకొనేది, నేటికీ ఉన్నది. కాబట్టి చేతిలో ఉన్నవి, లేనివి అని గీత గీసేటప్పుడు 'నా చేతిలో' అని మాత్రమే గీయకూడదు. 'మన చేతిలో' అని మరొక గీత గీయాలి.

గల్ఫుకు పోయినవారి కథ మరొక రకం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుండి దుబాయి, సౌదీ, కువైట్, బహ్రెయిన్, ఒమన్ దేశాలకు వలసపోయినవారు ఎందరో. వీసాకు చేసిన అప్పు తీరేవరకు ఇంటికి రాలేరు. ఎండ, ఇరుకు గది, ఒంటరితనం. ఇక్కడ భార్య బీడీలు చుడుతూ పిల్లలను సాకుతుంది. ఫోనులో ఇద్దరూ 'బాగానే ఉన్న' అంటారు. ఒకరి కష్టం ఒకరికి తెలియకుండా కాపాడాలన్నది ప్రేమే. కాని ఏళ్ల తరబడి సాగితే ఇద్దరినీ ఒంటరివారిని చేస్తుంది.

వారికి పనికివచ్చే అనుభవం ఒకటి వియత్నాం యుద్ధంలో కనబడుతుంది. అమెరికా నౌకాదళ విమానచోదకుడు జేమ్స్ స్టాక్‌డేల్ 1965 సెప్టెంబరులో పట్టుబడి, కాలు విరిగి, ఏడేళ్లకు పైగా హనోయిలో బందీగా చిత్రహింసలు అనుభవించాడు. అంతకు ముందు విశ్వవిద్యాలయంలో చదివిన ఎపిక్టెటస్ బోధలే తనను నిలిపాయని ఆయన తరువాత చెప్పాడు. ఈ పండుగకు విడుదలవుతాం, వచ్చే పండుగకు విడుదలవుతాం అని గడువులు పెట్టుకున్నవారు గడువు దాటినకొద్దీ కుంగిపోయారని ఆయన గమనించాడు. చివరికి బయటపడతామన్న నమ్మకం వదలకూడదు, నేటి వాస్తవాన్ని కప్పిపుచ్చుకోకూడదు. ఆ బందీలు గోడల మీద తట్టి సంకేతాలతో ఒకరితో ఒకరు మాట్లాడుకొనేవారు. వారిని బ్రతికించినవాటిలో ఆ మాటలు కూడా ఉన్నాయి. 'వచ్చే దసరాకు తప్పక వస్త' అని ప్రతి ఏడూ చెప్పుకొనేవారు, ఉన్న అప్పు ఇంత, నెలకు తీరేది ఇంత అని ఇద్దరూ కలిసి లెక్క చూసుకోవడం మేలు.

తత్త్వం నుండి చికిత్సకు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆలోచన చికిత్సా పద్ధతిగా మారింది. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ చికిత్సకులు, సంఘటన కంటే దానికి మనం చెప్పుకొనే అర్థం దిగులును పెంచుతుందన్న సూత్రం మీద కొత్త పద్ధతులు రూపొందించారు. ఇద్దరూ స్టోయిక్కుల రుణాన్ని ఒప్పుకున్నారు. బెక్ మార్గమే నేడు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీగా ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. కుంగుబాటుకు, ఆందోళనకు దాని ఉపయోగం పరిశోధనల్లో రుజువైంది. 'పంట పోయింది' అన్నది సంఘటన. 'నా బ్రతుకు అయిపోయింది' అన్నది మనసు వేసిన తీర్పు. ఆ తీర్పుకు సాక్ష్యం ఏమిటని అడగడం నేర్పేదే ఈ చికిత్స.

నిబ్బరానికి హద్దు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ప్రాచీన స్టోయిక్కులు కొన్ని పరిస్థితులలో మనిషి తన ప్రాణం తాను తీసుకోవడాన్ని ఆమోదించారు. వారి బోధలో మనం స్వీకరించకూడని భాగం ఇది. చనిపోవాలన్న ఆలోచన అధికశాతం మందిలో కుంగుబాటు వంటి వ్యాధి లక్షణమని, చికిత్సతో తగ్గుతుందని, ఆ తీవ్రత తరచుగా కొద్ది గంటలలోనో రోజులలోనో చల్లారుతుందని వారికి తెలియదు. మనకు తెలుసు. వ్యాధి మాట్లాడుతున్నప్పుడు దానిని వివేకమని పొరబడకూడదు.

చట్టం కూడా ఈ దృష్టికి వచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారికి చికిత్స, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత అని అది చెబుతుంది. పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకురాకుండా ఆగవలసిన పని లేదు.

రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులుగా ఉండడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, ఇష్టమైన పనుల మీద మనసు పోకపోవడం, తాగుడు పెరగడం, 'నేను లేకుంటేనే మీకు సుఖం' వంటి మాటలు రావడం కనబడితే వైద్యుని కలవండి. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే కొట్టిపారేయకుండా, చనిపోవాలని అనిపిస్తున్నదా అని నెమ్మదిగా సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకొనే దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లో అందుబాటులో ఉంచకండి. 14416 నంబరులో టెలిమానస్ సేవ రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది.

నిత్యాభ్యాసం

మామూలు కష్టాలకు ఈ సంప్రదాయం నుండి నాలుగు అలవాట్లు తీసుకోవచ్చు. ఒకటి, మనసు కలత చెందిన రోజున ఒక కాగితం తీసుకొని నా చేతిలో ఉన్నది, మన పదిమంది చేతిలో ఉన్నది, ఎవరి చేతిలో లేనిది అని మూడు వరుసలు రాయండి. మొదటి వరుసలో ఒక పనిని ఆనాడే మొదలుపెట్టండి. రెండు, పడుకొనే ముందు ఈరోజు ఏం చేశాను, రేపు ఏం సరిచేసుకుంటాను అని రెండు మాటలు రాసుకోండి. మూడు, శేషప్ప చెప్పినట్లు ఒంట్లో శక్తి ఉండగానే చేయవలసినవి చేయండి. అప్పుల లెక్క, భూమి కాగితాలు, బీమా వివరాలు జీవిత భాగస్వామికి తెలిసి ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు మానకుండా వేసుకోవడం కూడా ఇందులోనిదే. నాలుగు, మీ బాధను చెప్పుకోగల ఒక మనిషిని ఎంచుకోండి.

చక్రవర్తికీ బానిసకూ ఒకే తత్త్వం పనికివచ్చిందంటే, కష్టం ఇద్దరికీ ఒకే రకంగా వచ్చిందని కాదు. ఇద్దరికీ మనసు అనే చిన్న చోటు మిగిలి ఉన్నదని అర్థం. ఆ చోటును కాపాడుకుందాం. అయితే కాపలా ఒక్కరి పని కాదు. పక్కింటివారి దీపం చాలా రాత్రి వరకు వెలుగుతున్నట్లయితే తెల్లవారి ఒకసారి పలకరించండి.